చలికాలం చెరువు పిట్టలు: ఇంటి దగ్గరే ఫోటోలు తీసేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

నేను హైదరాబాద్ పడమటి అంచున ఉంటాను. అమీన్‌పూర్ చెరువు మా ఇంటికి స్కూటీ మీద పది నిమిషాలు. ఆరు చలికాలాలుగా శని, ఆదివారాలు తెల్లారేసరికి ఆ కట్ట మీదే ఉంటున్నాను. ఎవరికి ఫోటో చూపించినా ముందు "ఇది నిజంగా మన చెరువేనా?" అంటారు, ఆ తర్వాత వరసగా ఇవే ప్రశ్నలు. ఒక్కొక్కరికి చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టి, అన్నీ ఒకచోట రాసి పెట్టాను.

పక్షుల ఫోటోలంటే పులికాట్‌కో కొల్లేరుకో పోవాలి కదా, ఊరి చెరువులో ఏముంటాయి?

నేనూ అలాగే అనుకుని మొదటి ఏడాది లీవు పెట్టి మరీ నేలపట్టు, పులికాట్ తిరిగొచ్చాను. రెండు రోజుల్లో పద్దెనిమిది వందల ఫోటోలు తీశాను. ఇంటికొచ్చి చూసుకుంటే దాచుకోదగ్గవి నాలుగు. అక్కడ పిట్టలు లేక కాదు. ఏది ఎటు నుంచి ఎగిరి వస్తుందో, ఎండ ఏ వేళకి ఎక్కడ పడుతుందో నాకు తెలియక.

అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. నగరం పరిధిలోని చెరువుకి ఆ గుర్తింపు రావడం దేశంలో అదే మొదటిసారి. అలాగని అడవి మధ్య సరస్సు అనుకోకండి. చుట్టూ అపార్ట్‌మెంట్లు, ఒక మూల గుర్రపు డెక్క, ఇంకో మూల ఎవరో పారబోసిన సిమెంటు పెళ్ళలు. వాటి మధ్యే నారాయణ పక్షులు, ఎర్రకాళ్ళ కొంగలు, నీటికాకులు, గూడబాతులు, చలికాలమైతే ఉత్తరపు చలిదేశాల నుంచి వచ్చే బాతులు. ఫ్లెమింగోలు దిగిన ఏళ్ళు కూడా ఉన్నాయి.

మీ ఊళ్ళో ఇంత పేరున్న చెరువు లేకపోవచ్చు. ఫర్వాలేదు. నీళ్ళు, కాస్త బురద అంచు, నాలుగు తుమ్మచెట్లు ఉంటే చాలు, ఏవో ఒకటి వస్తాయి. పులికాట్‌కి ఏడాదికి ఒకసారి పోగలం, ఇంటి పక్క చెరువుకి అరవై సార్లు పోగలం. నా మంచి ఫోటోలన్నీ ఆ అరవైలోంచి వచ్చినవే.

ఏ నెలలో మొదలుపెట్టాలి?

వలస బాతులు అక్టోబరు, నవంబరుల్లో దిగడం మొదలై మార్చికల్లా వెళ్ళిపోతాయి. కానీ తొందరపడి అక్టోబరులో పోతే చాలామందికి నిరాశే. అప్పుడు మగ బాతులు కూడా ఆడవాటిలాగే మట్టిరంగులో ఉంటాయి. ఈకలు రాల్చుకుని కొత్తవి తొడుక్కునే దశ అది. సూదితోక బాతు మగదానికి ఆ గోధుమరంగు తల, మెడ మీద తెల్లగీత, పొడుగుతోక నిండుగా రావడానికి డిసెంబరు దాటాలి. రంగుల కోసమైతే డిసెంబరు చివరి నుంచి ఫిబ్రవరి చివరి దాకా మంచి కాలం.

వానలు ఎక్కువ పడి చెరువు నిండి మత్తడి దూకిన ఏడాది పిట్టలు తక్కువ కనబడతాయి. భయపడకండి, నీళ్ళు అన్నిచోట్లా ఉన్నాయి కాబట్టి చెదిరిపోయి ఉంటాయి. జనవరిలో నీళ్ళు వెనక్కి తగ్గి శిఖం భూమి బయటపడితే, ఆ బురదలో పురుగుల కోసం సన్నకాళ్ళ పిట్టలన్నీ చేరతాయి.

ఎన్ని గంటలకి వెళ్ళాలి?

డిసెంబరు చివర్లో హైదరాబాద్‌లో సూర్యోదయం సుమారు ఆరూ నలభై అయిదుకి. నేను ఆరింబావుకి అక్కడ ఉంటాను. చీకట్లోనే వెళ్ళి కూర్చుంటే పిట్టలు మనల్ని ఆ చోటులో భాగం అనుకుంటాయి. తెల్లారాక నడుచుకుంటూ వస్తే మాత్రం మనిషి వచ్చాడు అనుకుంటాయి. తేడా అంతా అక్కడే.

ఎండ విషయంలో చలికాలం మనకి మంచి మేలు చేస్తుంది. మే నెలలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తిన ఉంటాడు. డిసెంబరులో హైదరాబాద్‌లో ఎంత మధ్యాహ్నమైనా దాదాపు 49 డిగ్రీల ఎత్తులో, దక్షిణం వైపే ఉండిపోతాడు. అందుకే మెత్తటి ఎండ ఎక్కువసేపు దొరుకుతుంది. అయినా తొమ్మిదిన్నర దాటితే నేను కెమెరా మూసేసి ఇడ్లీ బండి దగ్గరికి వెళ్ళిపోతాను. సాయంత్రం నాలుగు తర్వాత మళ్ళీ రావచ్చు.

చెరువుకి ఏ వైపు నిలబడాలి?

పొద్దున తూర్పు ఒడ్డున, సూర్యుడు మీ వీపు వెనక ఉండేలా. సాయంత్రం పడమటి ఒడ్డున. ఇది అందరూ చెప్పేదే. ఎక్కువమంది చెప్పనిది గాలి సంగతి.

పిట్ట ఎగిరినా దిగినా గాలికి ఎదురుగానే. మన వైపు చలికాలంలో గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యం నుంచి వీస్తుంది. అంటే పొద్దున మీరు తూర్పు ఒడ్డున ఉంటే ఎండా మీ వెనకే, గాలీ మీ వెనకే. బాతులు దిగేటప్పుడు మీకు ఎదురుగా మొహం పెట్టి, కాళ్ళు ముందుకు చాపి, రెక్కలు విప్పుకుని దిగుతాయి. ఈ సంగతి తెలియని మొదటి ఏడాది నా దగ్గర చేరినవన్నీ తోకల ఫోటోలే. మా తమ్ముడు దానికి "తోకల ఆల్బమ్" అని పేరు కూడా పెట్టాడు.

సంచీలో చిన్న దారం ముక్క పెట్టుకోండి. వేలాడదీస్తే గాలి ఎటో తెలిసిపోతుంది.

కాస్త దగ్గరికి వెళ్ళేసరికి అన్నీ లేచిపోతున్నాయి. ఏం చేయాలి?

దగ్గరికి వెళ్ళకండి. పిట్టలనే దగ్గరికి రానివ్వండి. వినడానికి ఏదో వేదాంతంలా ఉంది గానీ, ఇది పూర్తిగా కూర్చోవడానికి సంబంధించిన విషయం.

మొదట ఒక పూట కెమెరా తీయకుండా చూడండి. నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకునే ఎండిన కొమ్మ ఏది, బాతులు ఏ మూల మేస్తున్నాయి, లకుముకి పిట్ట ఏ కర్ర మీద వాలుతోంది అని. పిట్టలకి కూడా మనలాగే అలవాట్లుంటాయి. నిన్న వాలిన కర్ర మీదే ఇవాళా వాలుతుంది. మర్నాడు చీకటితో వచ్చి ఆ కర్రకి ముప్ఫై అడుగుల దూరంలో, తుంగ పక్కన కూర్చోండి. ఇక కదలొద్దు. మొదటి ఇరవై నిమిషాలు ఏమీ జరగదు. దోమలు కుడతాయి, కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, "ఈ చలిలో నాకెందుకీ పని" అనిపిస్తుంది. ఆ తర్వాత మెల్లగా ముందు బుడుబుంగలు, అంటే నీళ్ళలో బుడుంగున మునిగి తేలే చిన్న పిట్టలు, దగ్గరికి వస్తాయి. అవి ధైర్యంగా తిరుగుతుంటే మిగతావి కూడా ఒక్కొక్కటే.

అసలు గండం తీతువుతో. ఒడ్డున మట్టిరంగులో కలిసిపోయి ఉంటుంది, మీరు చూసుకోకుండా దాని దగ్గరికి పోతారు, అది గోల గోల చేస్తూ లేస్తుంది, దాంతో చెరువులో ఉన్నవన్నీ తలెత్తుతాయి. తీతువు అరిస్తే అపశకునం అని మన పెద్దవాళ్ళు అనేవారు. ఫోటోగ్రాఫర్‌కి మాత్రం అది అక్షరాలా నిజం! అది అరిస్తే అక్కడే ఆగిపోండి. రెండు నిమిషాల్లో చల్లబడుతుంది.

బట్టల రంగు గురించి ఎక్కువ టెన్షన్ వద్దు. తెలుపు, ఎరుపు కాకుండా ఏదైనా సరే. రంగు కంటే కదలికనే అవి ముందు పసిగడతాయి. కారు నీళ్ళ దగ్గరిదాకా పోయే చోటైతే కారులోంచే తీయండి, ఇంజను ఆపేసి, అద్దం దించి. కారుని అవి పెద్దగా పట్టించుకోవు. తలుపు తీసి కాలు కింద పెట్టిన మరుక్షణం లేచిపోతాయి.

చెరువులో చేపలు పట్టేవాళ్ళ వల్ల పిట్టలు చెదిరిపోతున్నాయి కదా?

ఈ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు కాస్త చిరాకు. చెరువు ముందు వాళ్ళ జీవనం, తర్వాతే మన సరదా. పైగా పిట్టల సంగతి వాళ్ళకి తెలిసినంత మనకి తెలియదు. మా చెరువులో థర్మాకోల్ తెప్ప మీద వల వేసే ఒకాయన్ని ఒకరోజు అడిగాను: "అన్నా, బాతులు ఎటు దిక్కు పోయినయ్?" ఆయన వల దులుపుతూ, "నిన్న మబ్బుల మత్తడి దిక్కు కూసున్నయ్. నువ్వు ఆ గొట్టం పట్టుకొని ఉరికొస్తే లేచిపోయినయ్" అన్నాడు. మబ్బుల అంటే తెల్లవారుజామున, గొట్టం అంటే నా లెన్స్. అప్పటి నుంచి ముందు ఆయన్ని అడిగే కూర్చునే చోటు ఎంచుకుంటున్నాను. తెప్ప రోజూ తిరిగేదే కాబట్టి పిట్టలు దానికి అలవాటు పడి ఉంటాయి. కొన్నిసార్లు తెప్పకి దూరంగా జరుగుతూ మన వైపే వస్తాయి కూడా.

ఫోటో స్పష్టంగానే ఉంది, కానీ ఏదో బోసిగా ఉంది. ఎందుకు?

కట్ట మీద నిలబడి తీశారు కదూ? కట్ట ఎత్తు నుంచి తీస్తే వీపు పడుతుంది, వెనకంతా నీళ్ళే పరదాలాగా కనిపిస్తాయి. కిందికి దిగండి. ఒడ్డున కూర్చోండి, వీలైతే పడుకోండి. కెమెరా ఎంత కిందికి వస్తే పిట్ట కన్ను అంత మనకి ఎదురుగా వస్తుంది, వెనకున్న ఒడ్డు దూరంగా మసకబారి మెత్తటి రంగులా మారిపోతుంది. అదే బాతు, అదే లెన్స్, అయిదడుగులు కిందికి దిగితే వేరే ఫోటో. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు చిన్న ముక్కాలి పీట తెచ్చుకోండి.

ఫోకస్ ఎప్పుడూ కంటి మీదే. కన్ను మసకైతే మిగతాదంతా ఎంత బాగున్నా తీసేయండి.

ఏ కెమెరా కొనాలి?

ముందు మీ దగ్గర ఉన్నదానితో మొదలుపెట్టండి. ఇంట్లో పాత క్యానన్ ఏదైనా 55–250 లెన్స్‌తో పడి ఉంటే బ్రహ్మాండం. ఆ కెమెరాల్లో ఫోటో పట్టే సెన్సర్ చిన్నది కాబట్టి అది దాదాపు 400 మిల్లీమీటర్ల లెన్స్‌లా పనిచేస్తుంది. నికాన్‌లో 70–300 అయితే 450. కొంగలకి, నీటికాకులకి ఇది చాలు.

కొత్తగా కొనాలి, బరువు మోయలేం అనుకునేవాళ్ళకి నికాన్ పీ900, దాని తర్వాత వచ్చిన పీ950 లాంటి బ్రిడ్జ్ కెమెరా, అంటే లెన్స్ విప్పి మార్చే పని లేనిది. 83 రెట్ల జూమ్, అంటే 2000 మిల్లీమీటర్ల లెన్స్‌తో సమానం. ఎండ బాగుండి పిట్ట కదలకుండా ఉంటే దీని ఫోటో చూసి పెద్ద కెమెరావాళ్ళు కూడా అడుగుతారు. వెలుతురు తగ్గినా, పిట్ట ఎగిరినా చేతులెత్తేస్తుంది. సీరియస్‌గా దిగేవాళ్ళు చివరికి సిగ్మానో టామ్రానో 150–600 దగ్గరికి చేరతారు. అది దాదాపు రెండు కిలోల బరువు. కొనే ముందు ఒక ఆదివారం అద్దెకి తెచ్చుకుని మోసి చూడండి.

ఫోన్‌తో తీయలేమా?

దూరంగా ఉన్న బాతుని తీయలేం. జూమ్ లాగితే బాతు కాదు, నల్ల చుక్క వస్తుంది. కానీ ఫోన్ తీయగల ఫోటోలు వేరే ఉన్నాయి. సూర్యోదయం ముందు పొగమంచులో నీటికాకుల గుంపు, ఎర్రటి ఆకాశం కింద కొంగ నీడ, చెరువు వెనకే నిలబడ్డ అపార్ట్‌మెంట్లు. పెద్ద లెన్స్‌కి అంత వెడల్పు దృశ్యం అందదు.

బైనాక్యులర్ ఉంటే దాని ఒక కంటికి ఫోన్ కెమెరాని ఆనించి చూడండి. 8x42 బైనాక్యులర్‌తో ఎనిమిది రెట్లు దగ్గరికి వస్తుంది. చెయ్యి వణకడం తప్పదు, పది తీస్తే ఒకటి వస్తుంది. ఏ పిట్టో గుర్తుపట్టడానికి అది చాలు.

ట్రైపాడ్ తప్పనిసరా?

నా ట్రైపాడ్ మూడేళ్ళుగా అటక మీద ఉంది. బురదలో మూడు కాళ్ళూ సర్దేసరికి పిట్ట వెళ్ళిపోతుంది.

దానికి బదులు ధాన్యం మూట. పాత జీన్స్ ప్యాంటు కాలు ఒక మూర పొడవు కత్తిరించి, ఒక చివర కుట్టేసి, రెండు కిలోల గింజలు పోసి రెండో చివరా కుట్టేయండి. పూర్తిగా నింపకండి, లెన్స్ అందులో కూరుకునేలా కాస్త వదులుగా ఉండాలి. నేల మీద, కారు అద్దం మీద, రాయి మీద, ఎక్కడైనా పనికొస్తుంది.

ఒక జాగ్రత్త. నేను మొదటిసారి పెసలు పోశాను. జనవరి మంచులో, ఒడ్డు తడిలో రెండు వారాలు వాడి మూలన పడేశాను. తర్వాత ఒకరోజు తీస్తే కుట్ల సందుల్లోంచి తెల్లటి మొలకలు బయటికి వస్తున్నాయి. మా అమ్మ చూసి "ఫోటోల సంగతేమో గానీ పంట బాగానే వచ్చింది" అంది. లోపల ప్లాస్టిక్ కవరు వేసి పోయండి.

సెట్టింగులు ఎలా పెట్టుకోవాలి?

కూర్చున్న పిట్టకి షట్టర్ స్పీడ్ (షట్టర్ తెరుచుకుని ఉండే సమయం) సెకనులో 1/500 వంతు, ఈదే బాతుకి 1/800, ఎగిరేదానికి 1/2000. లెన్స్ అపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం) ఎంత తెరుచుకుంటే అంత తెరవండి. ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) ఆటోలో పెట్టి గరిష్ఠం 3200కి కట్టేయండి. మొదట్లో ఇంతకంటే ఆలోచించొద్దు. చాలామంది ఫోటోలో ఇసుక చల్లినట్టు గింజలు కనబడతాయని భయపడి ఐఎస్ఓ తగ్గించి, షట్టర్ స్పీడ్ పడిపోయి, ఫోటో కదిలిపోయి బాధపడతారు. గింజలు ఉన్న స్పష్టమైన ఫోటోని బాగుచేయవచ్చు, కదిలిపోయినదాన్ని ఎవరూ బాగుచేయలేరు.

మెమరీ కార్డు లాప్‌టాప్‌లోనే వదిలేసి చెరువు దగ్గరికి వెళ్ళడం ప్రతివాళ్ళకీ ఒకసారి జరుగుతుంది. నాకు రెండుసార్లు జరిగింది. స్పేర్ కార్డు ఒకటి స్కూటీ డిక్కీలో పడేయండి.

తెల్ల కొంగ సున్నం కొట్టినట్టు వస్తోంది, ఈకలు కనబడటం లేదు.

చుట్టూ నల్లటి నీళ్ళు చూసి కెమెరా మొత్తం దృశ్యాన్ని వెలుగు చేయబోతుంది, అందులో కొంగ మరీ తెల్లబడి మాడిపోతుంది. వెలుగుని పెంచే, తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ని మైనస్ 0.7 నుంచి మైనస్ 1 దాకా దించండి. తెల్లటి ఆకాశం మీద ఎగిరే నీటికాకికి దీనికి సరిగ్గా తిరగేసి, ప్లస్ 1. తీసిన ప్రతిసారీ తెరమీద మాడినచోట మిణుకుమిణుకుమనే హెచ్చరిక ఆన్ చేసి పెట్టుకోండి. మెనూలో ఉంటుంది.

ఎగిరే పిట్టని పట్టడం ఎలా నేర్చుకోవాలి?

బాతులతో మొదలుపెట్టకండి. అవి బుల్లెట్లు. ముందు గుడ్డికొంగతో. ఒడ్డున మట్టిముద్దలా కూర్చుని ఉంటుంది, లేచిందంటే ఒక్కసారిగా తెల్లటి రెక్కలు. తక్కువ వేగం, తక్కువ దూరం. దాని తర్వాత నలుపు తెలుపు లకుముకి పిట్ట. వేటకి ముందు అది గాలిలో ఒకేచోట రెక్కలాడిస్తూ నిలబడుతుంది. ఫోకస్ పట్టడానికి అంతకంటే సదుపాయం ఏ పిట్టా ఇవ్వదు.

ఎగరబోయే ముందు సూచనలుంటాయి. కొంగ మెడ సాచి, కాళ్ళు కాస్త వంచి, చాలాసార్లు రెట్ట వేసి మరీ లేస్తుంది. బాతులు తలలు పైకెత్తి అటూ ఇటూ విదిలిస్తాయి. సూదితోక బాతు లాంటివి నీళ్ళ మీంచి నిట్టనిలువుగా ఎగిరిపోతాయి. నుదుట తెల్లమచ్చ ఉన్న నల్లటి కూట్ మాత్రం నీళ్ళ మీద టపటపా పరుగు తీస్తే గానీ గాల్లోకి లేవలేదు. ఆ పరుగులో లేచే తుంపరే మంచి ఫోటో.

ఇంకొకటి. పొద్దున ఏడున్నర, ఎనిమిది మధ్య మా చెరువు మీదికి గోధుమరంగు మార్ష్ హారియర్ గద్ద ఒకటి చక్కర్లు కొడుతుంది. అది రాగానే బాతులన్నీ ఒకేసారి లేచి రెండు చుట్లు తిరిగి మళ్ళీ దిగుతాయి. దానికోసం కెమెరా సిద్ధంగా పెట్టుకుని కూర్చుంటే చాలు.

చప్పట్లు కొట్టో రాయి వేసో లేపితే ఎగిరే ఫోటో వస్తుంది కదా?

వస్తుంది. కానీ అలాంటి ఫోటో నాకు చూపించకండి. చారల తల బాతు మంగోలియా, టిబెట్ వైపు నుంచి హిమాలయాలు దాటి వస్తుంది. ట్రాకర్ కట్టిన ఒక బాతు 7 వేల మీటర్లకు పైగా ఎత్తులో ఎగిరినట్టు నమోదైంది. ఇక్కడ ఉండే నాలుగైదు నెలలు దానికి తిని, కొవ్వు పట్టించుకుని, తిరుగు ప్రయాణానికి సిద్ధపడే సమయం. ఊరికే లేపిన ప్రతిసారీ ఆ కూడబెట్టింది కరిగిపోతుంది. డ్రోన్ కూడా ఇదే కోవలోకి వస్తుంది. ఫోన్‌లో పిట్ట కూత పెట్టి పిలవడం కూడా.

మరమరాలు, బ్రెడ్ వేయడం ప్రేమే అనుకోండి, కానీ వాటికి అది తిండి కాదు. నీళ్ళూ పాడవుతాయి.

గూళ్ళ ఫోటోలు తీయవచ్చా?

ఇక్కడ మన ప్రాంతం ప్రత్యేకత ఒకటి గుర్తుంచుకోవాలి. వలస బాతులు ఇక్కడ గుడ్లు పెట్టవు. కానీ గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు చలికాలంలోనే మన దగ్గర గూళ్ళు కడతాయి. గుంటూరు పక్కన ఉప్పలపాడు, కైకలూరు దగ్గర ఆటపాక, నేలపట్టు, అన్నీ అలాంటి చోట్లే. అక్కడ కట్టిన దారి నుంచి, వాచ్ టవర్ నుంచి తీస్తే ఏ ఇబ్బందీ లేదు. వాటికి మనుషులు అలవాటే. చెట్టు కిందికి మాత్రం వెళ్ళొద్దు. తల్లి లేచి వెళితే కాకులు, గద్దలు గుడ్ల కోసం కాచుకుని ఉంటాయి.

ఇంటి దగ్గర ఎక్కడైనా అరుదైన గూడు కనబడితే ఫోటో పెట్టండి, చోటు పేరు చెప్పకండి.

పర్మిషన్ కావాలా?

మామూలు ఊరి చెరువుకి అక్కర్లేదు. మంజీరా, పోచారం, నేలపట్టు లాంటి అభయారణ్యాల్లో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. టికెట్టు, కెమెరా రుసుము అటవీ శాఖ గేటు దగ్గరే అడగండి. గండిపేట, హిమాయత్ సాగర్ లాంటి తాగునీటి జలాశయాల దగ్గర ఆనకట్ట గేట్ల వైపు లెన్స్ తిప్పకండి, కాపలావాళ్ళు ఊరుకోరు.

కాలనీ వాళ్ళు "ఏం తీస్తున్నావు?" అని గట్టిగా అడిగితే వాదించకుండా కెమెరా తెర చూపించండి. మా చెరువు దగ్గర అలా కోపంగా వచ్చిన ఒక తాతగారు ఇప్పుడు ప్రతి ఆదివారం ఎదురొచ్చి, "ఇయ్యాల ఏం దొరికింది బిడ్డా?" అంటున్నారు.

తెల్లవారుజామున ఒంటరిగా వెళ్ళడం ప్రమాదం కాదా?

కుక్కల భయం నిజమే. చేతిలో కర్ర ఉంటే చాలు, కొట్టనక్కర్లేదు. పైకి పెళుసుగా ఎండినట్టున్న బురదని నమ్మకండి. ఒకసారి నేను మోకాలి దాకా దిగిపోయి చెప్పు అక్కడే వదిలేసి వచ్చాను. కర్రతో పొడిచి చూసి అడుగేయండి. మంజీరాలో మొసళ్ళున్నాయి, అక్కడ నీళ్ళ అంచున పడుకుని ఫోటో తీసే సాహసాలు వద్దు. ఆడవాళ్ళు ఒంటరిగా కాకుండా ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళడం నయం. మా బ్యాచ్‌లో ముగ్గురు అక్కయ్యలు అలాగే వస్తారు, ఫ్లాస్కులో టీ కూడా వాళ్ళే తెస్తారు.

ఇంత పెద్ద లెన్స్ పెట్టినా దూరపు బాతులు అలల్లో చూసినట్టు మసకగా వస్తున్నాయి. లెన్స్ పాడైందా?

పాడవలేదు. ఎండెక్కాక నీటికీ గాలికీ వేడిలో తేడా వల్ల మధ్యలో గాలి కదులుతుంది, పొయ్యి మీద నుంచి చూస్తే అవతలి మనిషి ఊగినట్టు. లక్షల లెన్స్ అయినా అంతే. పొద్దున్నే తీయండి, లేదా దగ్గరున్నవాటినే తీయండి.

పిట్టల పేర్లు ఎలా నేర్చుకోవాలి?

మెర్లిన్ యాప్‌లో ఫోటో పెడితే చాలావరకు చెబుతుంది. చూసిన లెక్కలు ఈబర్డ్ అనే పక్షుల వెబ్‌సైట్‌లో రాసి పెట్టండి. ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణనకి మీ చెరువు లెక్క కూడా ఇవ్వవచ్చు. ఇది 1987 నుంచి జరుగుతోంది, ఫోటోగ్రాఫర్లు పాల్గొంటే గుర్తింపు సులువవుతుంది.

తెలుగు పేర్లు మాత్రం యాప్‌లో కాదు, చెరువు దగ్గరి పెద్దవాళ్ళ నోట దొరుకుతాయి. బుడుబుంగ, గుడ్డికొంగ, నత్తగుల్ల కొంగ, బాపన బాతు. ఈ బాపన బాతే మన కావ్యాల్లో రాత్రంతా జంటకి దూరమై ఏడ్చే జక్కవ. నారింజరంగు ఒళ్ళు, లేత తల. మొదటిసారి అది కెమెరాలో పడ్డ రోజు, ఇంటర్‌లో బట్టీపట్టిన పద్యాల పక్షి ఇదా అని కాసేపు షట్టర్ నొక్కడం కూడా మర్చిపోయాను.

సంక్రాంతి రోజుల్లో దారం చుట్టుకున్న పిట్ట కనబడితే?

అది చైనా మాంజా, గాలిపటాలకి కట్టే నైలాన్ దారం. 2017లోనే దేశమంతా నిషేధించారు, అయినా ప్రతి జనవరిలో చెరువు పక్క తుమ్మచెట్లకి వేలాడుతూనే ఉంటుంది. పిట్ట చిక్కుకుంటే దారాన్ని లాగకండి, రెక్క తెగుతుంది. మెత్తటి గుడ్డ కళ్ళ మీదుగా కప్పితే కొట్టుకోవడం ఆపుతుంది. దారం రెండు వైపులా కత్తిరించి, గాలి ఆడే అట్టపెట్టెలో పెట్టి అటవీ శాఖకో పక్షుల్ని కాపాడే సంస్థకో ఫోన్ చేయండి. కొంగ అయితే ముక్కు పట్టుకోండి ముందు, నేరుగా కంట్లో పొడుస్తుంది. పండగకి రెండు రోజుల ముందు నేను సంచీలో కత్తెర వేసుకుంటాను.

మేం న్యూజెర్సీలో ఉంటాం. ఇవన్నీ మాకు పనికొస్తాయా?

గాలి, ఎండ, కూర్చోవడం ఎక్కడైనా ఒకటే, కాకపోతే మీ దగ్గర గాలి దిక్కు మీరే చూసుకోవాలి. విచిత్రమేమిటంటే సూదితోక బాతు, గరిటెమూతి బాతు మీ దగ్గరా ఇవే. మీకు అదనంగా ఉండేది చలి. బ్యాటరీ తొందరగా అయిపోతుంది, రెండోది జేబులో ఒంటికి ఆనించి ఉంచుకోండి. బయటి నుంచి ఇంట్లోకి రాగానే కెమెరా సంచీ తెరవకండి, లెన్స్ మీద చెమ్మ పడుతుంది. ఓ గంట ఆగండి.

మార్చిలో అన్నీ వెళ్ళిపోయాక?

వెళ్ళేవి వెళ్తాయి, బుడుబుంగలు మాత్రం ఇక్కడే ఉంటాయి. పిల్లలు పుట్టాక తల్లి వాటిని వీపు మీద ఎక్కించుకుని తిప్పుతుంది. తల మీద జీబ్రా చారలతో బొటనవేలంత తలకాయలు రెక్కల సందులోంచి బయటికి తొంగిచూస్తాయి. నేను ఇప్పటికి మూడేళ్ళుగా ప్రయత్నిస్తున్నాను, ప్రతిసారీ గుర్రపు డెక్క ఆకు ఒకటి సరిగ్గా అడ్డం వస్తోంది.